రేపు పనికొస్తావా?

పొద్దు గూకి, పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వేళకు మా పుట్టింటి వీధిలో ఒక కేక వినబడుతుంది.

"ఏమ్మే, రేపు పనికొస్తావా? మిరపకాయ కోతకు. పొద్దున్నే ఆటో వస్తాది."

"ఎంతిస్తాడంట?"

"నిన్న ఇచ్చిందే. వచ్చేట్టయితే బిన్నా చెప్పు."

"వస్తాలే పో."

అంతే, నియామకం పూర్తయింది. అర్జీ లేదు, ఫొటో లేదు, ఇంటర్వ్యూ అసలే లేదు. నందికొట్కూరులో పెళ్ళయి వెళ్ళేదాకా ఈ కేక వింటూనే అన్నం తిన్నాను. ఇందులో కూడా ఒక చరిత్ర ఉందని ఎన్నడూ అనుకోలేదు. చరిత్రంటే కర్నూలు కొండారెడ్డి బురుజూ, నవాబుల కాలమూ అనుకునేదాన్ని.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు పక్కింటి పిల్ల ఒక మాటంది. డిగ్రీ పూర్తిచేసి, వచ్చిన ప్రతి పరీక్షా రాస్తూ ఉన్న పిల్ల. అరుగు మీద ఫోను వెలుగులో మాదిరి ప్రశ్నలు చదువుకుంటోంది. వాళ్ళమ్మకు అప్పుడే కేక వచ్చి వెళ్ళింది.

"చూడత్తా, మాయమ్మకు దినామూ ఉద్యోగమొస్తాది. నాకు నాలుగేండ్లయినా రాలేదు."

పిల్ల నవ్వుతూనే అంది. తల్లి మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పని ఇచ్చేవాడు ఎదుటి మనిషిలో ఏం చూసి ఇస్తాడు? మా ఊళ్ళో ఏ కాలానికి ఏం చూశారు? ఇదే ఆలోచన.

మాది కరణాల ఇల్లు. మా తాత పక్కనున్న ఒక పల్లెకు కరణం. ఆయన తండ్రీ కరణమే, ఆ తండ్రికి తండ్రీ కరణమే. 1839లో కుంపిణీవాళ్ళు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దింపి సీమను కలిపేసుకున్నప్పుడు మా నందికొట్కూరూ దొరల చేతికి వెళ్ళింది. నవాబు పోయాడు గాని కరణం పోలేదు. ఏ చేను ఎవరిదో, ఎంత శిస్తో తెలిసినవాడు ఆయనే మరి. ఏ దొర వచ్చినా ఆయన గుమ్మం తొక్కక తప్పదు.

1895లో మద్రాసు ప్రభుత్వం గ్రామోద్యోగాల వారసత్వానికి ఒక చట్టం చేసింది. ఈ మధ్య దాన్ని సంపాదించి చదివాను. కరణం, మునసబు లాంటి పదవులకు ఎవరు అర్హులో అందులో వరసగా రాసి ఉంది. మొట్టమొదటి అర్హత ఏమిటనుకున్నారు? చదువు కాదు. మగవాడై ఉండాలి! చదువు పరీక్ష మాట ఆ తర్వాతెప్పుడో వస్తుంది. మా ఇంటి తమాషా చెప్పనా? ముత్తాతకు కళ్ళు మసకేశాక అడంగళ్ళు చదివి కూడికలు వేసి పెట్టింది మా తాతమ్మ. సంతకం మాత్రం ఆయనది. ఆవిడకు ఆ పని వచ్చునని ఊరందరికీ తెలుసు, ఒక్క సర్కారుకు తప్ప.

వంశం చూసి పదవి ఇవ్వడం చెల్లదని 1960 డిసెంబరులో సుప్రీం కోర్టు తేల్చింది. ఆ కేసు మన గుంటూరు జిల్లాది. గాజుల దశరథరామారావు అనే ఆయన ఒక చిన్న ఊరి మునసబు పదవికి అర్జీ పెట్టుకుంటే, పాత మునసబు కొడుకున్నాడు కాబట్టి అతనిదే హక్కన్నారు. ఈయన ఊరుకోక ఢిల్లీ దాకా వెళ్ళాడు. ప్రభుత్వోద్యోగం ఇవ్వడానికి చూడకూడనివేమిటో రాజ్యాంగం పదహారో అధికరణం చెబుతుంది. అక్కడ ఆడా మగా అనే తేడా, వంశం అనే మాట పక్కపక్కనే ఉంటాయి. మా తాతమ్మకు రెండూ అడ్డే. ఒకటి ఆవిడ మొగుడికి లాభం, రెండోది ఆవిడకు నష్టం.

అయితే కోర్టు చెప్పినంత మాత్రాన కరణం ఇంట్లో భోషాణం కదులుతుందా? అది కదిలింది 1984 జనవరి 6న. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో రాష్ట్రమంతటా ఆ పదవులు తీసేసింది. నాకప్పుడు మూడేళ్ళు. అమ్మమ్మ చెప్పగా విన్నదే. పండక్కి వారముంది. రేడియోలో విని తాత ఆ పూట అన్నం ముట్టలేదట. దస్త్రాలు అప్పగించే రోజున ఎర్రగుడ్డలో మూటలు కట్టింది అమ్మమ్మే. బండి వీధి మలుపు తిరిగేదాకా అరుగు మీద నిలబడే ఉందట. "ఇంట్లోంచి శవం లేచినట్టుండె" అనేది.

మా ఇంటి శోకం అది. అదే వారంలో, అదే ఊళ్ళో ఇంకో వీధిలో, తరతరాలుగా కరణం అరుగు కింద నిలబడి మాట్లాడిన ఇంట్లో, పదో తరగతి పాసైన కుర్రవాడు 'ఇకమీద నాకూ రావచ్చు' అనుకుని ఉంటాడు. ఈ రెండో సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నలభై దాటాక నాకే తట్టింది.

వంశం పోయాక వచ్చింది కార్డు. నా ఈడువాళ్ళ ఇనప్పెట్టెల్లో ఇప్పటికీ ఉంటుంది, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి కార్డు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్ళకు తిరిగొచ్చే సైనికులకు పని చూపించాలని 1945లో మొదలుపెట్టిన వ్యవస్థ అది. ఖాళీలను దానికి తెలియజేసి తీరాలని 1959లో చట్టం వచ్చింది. బి.ఏ. పాసైన వారానికే నాన్న వెంటబెట్టుకెళ్ళి నా పేరూ రాయించారు. మూడేళ్ళకోసారి రెన్యూవల్. ఒక్క పిలుపూ రాలేదు. పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు వినబడితే మాత్రం అమ్మ గుమ్మంలోకి వెళ్ళేది. తప్పు ఎవరిదీ కాదు, నా ముందు వేలమంది ఉన్నారు. ఎక్స్‌ఛేంజి పంపిన పేర్లనే చూస్తే చాలదు, పత్రికల్లోనూ ప్రకటించి వచ్చినవాళ్ళందరినీ చూడాలని 1996లో సుప్రీం కోర్టు చెప్పింది. అదీ మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసులోనే. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసి ఉంటే అమ్మకు అన్నిసార్లు గుమ్మంలోకి వెళ్ళే శ్రమ తప్పేది.

మా తాలూకాకు ఇంకో రకం అర్హత కూడా వచ్చింది. అది మరెవరికీ రాకూడదు. 1981లో శ్రీశైలం ఆనకట్ట నీళ్ళు వెనక్కు తన్నినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. మా దగ్గరి సంగమేశ్వరం గుడీ మునిగింది. వేసవిలో నీరు తగ్గితే బయటికొస్తుంది, జనం వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తారు. మునిగిన ఊళ్ళవాళ్ళ పోరు పడలేక 1986 ఏప్రిల్‌లో ప్రభుత్వం 98వ నంబరు జీవో ఇచ్చింది, ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగమని. మా వైపు 'తొంభై ఎనిమిది' అంటే చాలు, జీవో అని వేరే చెప్పనక్కరలేదు. ఎక్కువగా అనుకున్నది లస్కరు పని. అంటే కాలువ గట్టు మీద తిరుగుతూ, తూములు ఎత్తుతూ దించుతూ నీళ్ళు కాపలా కాయడం. చేను పోగొట్టుకున్నవాడికి ఆ చేను ముంచిన నీళ్ళకే కాపలా!

అదైనా అందరికీ వచ్చిందా? పాతికేళ్ళ వయసులో అర్జీ పెట్టినవాళ్ళు తల నెరిసేదాకా కర్నూలులో ధర్నాలు చేస్తూనే వచ్చారు. ఇంకోటి. కుటుంబానికి ఒకరంటే ఆ ఒకరెవరు? నేనెరిగిన ఇళ్ళలో అన్నింటా కొడుకు పేరే రాశారు. "కూతురు ఇంకొకరింటికి పోయేదే గదా" అన్నారు. పోయేముందు ఆ కూతురు ముంపులో పోగొట్టుకున్నది కూడా ఆ ఊరే కదమ్మా అని ఎవరైనా అన్నారో లేదో.

ఆడపిల్ల కావడమే అర్హతగా చూసిన పని మా జిల్లాలో ఒకటుండేది. చెప్పడానికి నోరు రాదు. హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు. సాయంత్రం పువ్వులో పుప్పొడి భాగం గిల్లి తీసేయాలి, మర్నాటి పొద్దున మరో మొక్క పుప్పొడి దానికి అద్దాలి. ఒక్కొక్క పువ్వుకూ చేత్తోనే. చిన్న వేళ్ళు కావాలి, తక్కువ కూలి కావాలి, ఎదురు చెప్పని నోరు కావాలి. అందుకని పనులు లేని కాలంలో తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి ఏడెనిమిదేళ్ళ పిల్లలు మొదలుకొని కుదుర్చుకునేవాళ్ళు. 1990ల చివరా, ఆ తర్వాత చాలా ఏళ్ళూ కర్నూలు జిల్లా ఈ సాగుకు పేరుమోసింది. పిల్లల్ని బడికి పంపించాలని ఎందరో తిరిగి పోరాడితే గాని తగ్గలేదు. పక్కింటి పిల్ల తల్లి ఆ పొలాల్లో పూలు గిల్లి పెరిగిందే. బడి ముఖం చూడలేదు. కూతురి చేతికి ఫోను ఎందుకిచ్చిందో నన్నడిగితే నేను చెప్పగలను.

చట్టాలు ఆడవాళ్ళకు మేలు చేయలేదని అనను. 1984లో మన రాష్ట్రం ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయించింది, 1995లో సుప్రీం కోర్టు అది న్యాయమేనంది, మరుసటేడు మూడో వంతయింది. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు లక్షకు పైగా పోస్టులకు ఇరవై లక్షలకు పైగా అర్జీలొచ్చాయి. ఆ సెప్టెంబరులో నందికొట్కూరు బస్‌స్టాండులో హాల్‌టికెట్లు పట్టుకున్న ఆడపిల్లల్ని, చంటిపిల్లల్ని ఎత్తుకున్న వాళ్ళ అత్తగార్లను నా కళ్ళతో చూశాను. మా తాత కూర్చున్న అరుగుకు ఇప్పుడు కంప్యూటరు వచ్చింది, దాని ముందు చాలా ఊళ్ళలో ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. తాతమ్మ చూసి ఉంటే సంతకం ఎవరిదని అడిగేది.

ఇక పట్నాల్లో కంపెనీల తీరు వేరు. అర్జీలు మనుషుల కంటే ముందు కంప్యూటరు చదువుతుందట, అది ఏరినవే మనిషి దాకా వెళతాయట. లోపల పనిచేసేవాళ్ళు తమకు తెలిసినవాళ్ళ పేరు చెబితే ముందు చూస్తారు, చెప్పినవాళ్ళకు బహుమానం కూడా ఇస్తారు. దాని పేరు రెఫరల్. మా చిన్నప్పుడు దాన్ని సిఫారసు అనేవాళ్ళు, కాస్త సిగ్గుపడుతూ చెప్పుకునేవాళ్ళు.

మర్నాడు ఆ పిల్లకు కర్నూలులో పరీక్ష. రాత్రి అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. గోరింటాకు పెట్టుకోవద్దని చెప్పారట, లోపలికి వెళ్ళేటప్పుడు వేలిముద్ర పడాలి. ఒకప్పుడు వేలిముద్ర వేయడమంటే చదువు రాదని అర్థం. ఇప్పుడు డిగ్రీ చదివినవాళ్ళే దాంతో లోపలికి వెళ్ళాలి.

వాళ్ళమ్మ తన బొటనవేలు చూపించి నవ్వింది. "నాదైతే పడదు పాపా. రేషనుకు పోయినా నాలుగుసార్లు ఒత్తాల్సిందే, అరిగిపాయె."

వీధిలో కేక వినబడింది. "ఏమ్మే, రేపు పనికొస్తావా?"

"రేపు రాను. పాపతో కర్నూలుకు పోవల్ల."

"ఆ యమ్మి పరీచ్చ రాస్తే నీకేం పని? కూలి పోతాది గదా."

"పోనీలే."

పొద్దున ఆరింటికి బస్‌స్టాండు దాకా నేనూ వెళ్ళాను. కూలి ఆటో మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. అందులోంచి ఎవరో చెయ్యి ఊపారు. తల్లి ఊపలేదు, పిల్ల హాల్‌టికెట్ పెట్టిన కవరు రెండు చేతులా పట్టుకుని ఉంది. బస్సెక్కేముందు నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, లోపలికి పేరు పెట్టి పిలుస్తారా, నంబరు పెట్టి పిలుస్తారా?"