కాంతి కాలుష్య సవరణ (ఖగోళ ఫొటోగ్రఫీ)

పట్టణాల దీపాలు ఆకాశానికి పులిమే అదనపు వెలుగును ఫొటోల్లోంచి తీసివేసే ప్రక్రియ. ఉదాహరణకు, బొబ్బిలికి విజయనగరం, విశాఖపట్నం రెండూ దాదాపు నేరుగా దక్షిణాన ఉన్నాయి. ధనూరాశిలోని పాలపుంత కేంద్రం కూడా అక్కడ దక్షిణ దిక్కునే, సుమారు 42 డిగ్రీల ఎత్తు దాకా మాత్రమే వస్తుంది. అంటే ఫొటోకు అందమైన దిక్కూ, వెలుగు ముసిరే దిక్కూ ఒక్కటే.

సవరణ ఎప్పుడు చేయాలన్నదే చిక్కు. సాధారణంగా ఫ్రేములన్నీ స్టాక్ చేసి (ఒకటిగా కలిపి) అంచులు కత్తిరించాక, రంగులు సరిచేయడానికీ స్ట్రెచ్ చేయడానికీ (మసక వివరాలు కనిపించేలా వెలుగు పెంచడానికీ) ముందు చేస్తారు. ఎందుకంటే విడి ఫ్రేములో నీహారిక నాయిస్‌లో మునిగి ఉంటుంది. సంక్లిష్టమైన నమూనా వాడితే దాన్నీ నేపథ్యంగా భావించి చెరిపేసే ప్రమాదముంది. కానీ రాశి తూర్పు నుంచి పడమరకు జరిగేకొద్దీ ఫ్రేములో వెలుగు వాలు (ఒక వైపు నుంచి మరో వైపుకు తగ్గే తీరు) దిశ మారుతుంది. అలాంటప్పుడు సిరిల్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫ్రేముకూ ఒకటో డిగ్రీ పాలినామియల్‌తో వాలును తీసేసి, మిగిలినదాన్ని స్టాక్ అయ్యాక చూసుకోవడం మేలు. ఏ పద్ధతిలోనైనా ఫ్లాట్ సవరణ (లెన్సు అంచుల మసకను సరిచేయడం) ముందే జరగాలి: లెన్సు అంచుల మసక గుణకారంగా వస్తుంది, కాలుష్యం కూడికగా వస్తుంది.

తీసివేతతో వెలుగు పోతుంది గానీ, అది తెచ్చిన ఫోటాన్ నాయిస్ పోదు. దానికి ఎక్కువ ఎక్స్‌పోజరో, చీకటి చోటో కావాలి. ఉదాహరణకు, హైదరాబాద్ నిజామియా వేధశాల 48 అంగుళాల టెలిస్కోపును 1960ల్లో నగరానికి దూరంగా రంగాపూర్‌లో నెలకొల్పారు.