ఆది జాకెట్టు కథ

చీరకి సైజు లేదు. మనకిది మామూలు మాటే గాని, బట్టల చరిత్ర చదువుతున్నకొద్దీ ఎంత గొప్ప సంగతో నాకు తెలిసివస్తోంది. పెళ్ళినాటి చీరే కడుపుతో వున్నప్పుడూ కడతాం, పురిటి మంచం దిగాకా కడతాం. అమ్మ చీర కూతురికి సరిపోతుంది. కోడలి చీర అత్తగారికీ సరిపోతుంది, ఇస్తే! కుచ్చెళ్ళు రెండు తగ్గుతాయి, అంతే. మరి బిడ్డ పుట్టిన ఆర్నెల్లకి ఏ పేరంటానికో పిలుపొస్తే, బీరువా నిండా చీరలు పెట్టుకుని "కట్టుకోడానికేం లేదు పిన్నీ" అని మన అమ్మాయిలు బిక్కమొహం వేస్తారెందుకు? తప్పు చీరది కాదు, జాకెట్టుది. చంక దగ్గర పట్టేస్తుంది, హుక్కు కాజాని అందుకోదు. జాకెట్టు పట్టకపోతే దాని చీర కూడా లేనట్టే గదా!

మా అమ్మమ్మ రవికకి హుక్కులూ లేవు, కాజాలూ లేవు. ముందువైపు రెండు కొసలూ కలిపి ముడి వేసుకునేది. వొళ్ళు వస్తే ముడి కాస్త వదులు, తగ్గితే కాస్త బిగువు. పసివాడు ఏడిస్తే ముడి విప్పడం క్షణంలో పని. "రవికముడి" అన్న మాట మిగిలింది గాని, ఆ ముడిలో వున్న సదుపాయం మర్చిపోయాం. పాత నూలు చీర చింపి బాలింతకి నడికట్టు కట్టేవారు. మిగిలిన దాంట్లోంచే పిల్లవాడికి పొత్తిళ్ళు, ఉయ్యాల. అంతమాత్రాన ఆ రోజులన్నీ బంగారమని నేననడంలేదు సుమండీ. వొకటి ఉతికి ఆరేసుకుని ఇంకొకటి కట్టుకుంటూ పురుడు గడిపిన వాళ్ళు ఎందరో. నేననేదల్లా, అప్పటి బట్ట మనిషిని బట్టి మారేది.

తర్వాత కుట్టుమిషను వచ్చింది. అమెరికాలో సింగర్ అనే ఆయన 1851లో తన మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. వాయిదాల మీద అమ్మడం కూడా ఆ కంపెనీ వాళ్ళే బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. మన దేశంలో 1930ల్లో కలకత్తాలో ఉషా మిషన్లు తయారవడం మొదలైంది. క్రమంగా వీధికో దర్జీ వెలిశాడు. జాకెట్టు వొంటికి అతికినట్టు కుదరడం అందమైంది. అందమే, కాదనను. కాని కత్తెర పడ్డ రోజున మనిషి ఎలా వుందో ఆ కొలత అక్కడ నిలిచిపోతుంది. మనిషి నిలిచిపోదుగా!

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. అసలు చీరే లేని దేశాల్లో ఇంకెంత అవస్థో ఆలోచించండి. అక్కడ పైనుంచి కిందదాకా కుట్టిన బట్టే. అందుకే లీనా హిమెల్‌స్టీన్ కథ నాకు చాలా ఇష్టం. లిథువేనియా నుంచి పదహారేళ్ళ వయసులో, 1895లో, న్యూయార్కు వచ్చి లోదుస్తులు కుట్టే పనిలో చేరిన పిల్ల. బ్రయంట్ అనే నగల వర్తకుణ్ణి పెళ్ళాడింది. కొడుకు పుట్టిన కొద్దికాలానికే భర్త క్షయతో పోయాడు. చంకలో బిడ్డ, చేతిలో దమ్మిడీ లేదు. భర్త ఇచ్చిన వజ్రాల దుద్దులు తాకట్టు పెట్టి ఆవిడ ఏం కొందనుకుంటున్నారు? కుట్టుమిషను! మన ఇళ్ళల్లో ఎంతమంది ఇల్లాళ్ళు ఈ పనే చేసి పిల్లల్ని చదివించారో మీకూ తెలుసు.

1904లో ఆవిడ చిన్న దుకాణం పెట్టింది. బ్యాంకు కాగితం మీద "లీనా" అన్న పేరు "లేన్" అని పడింది. అదే దుకాణం పేరై "లేన్ బ్రయంట్"గా స్థిరపడింది. వొకరోజు వొక గర్భిణి వచ్చి, నలుగురిలోకి వెళ్ళడానికి చూడముచ్చటగా వుండాలి, వొంటికి సుఖంగానూ వుండాలి, అలాంటి గౌను కుట్టిపెట్టమంది. లీనా నడుము దగ్గర సాగే పట్టీ వేసి, కింద మడతల పావడా కలిపి కుట్టి ఇచ్చింది. ఇంకేం, వొకరి ద్వారా వొకరికి తెలిసి ఆడవాళ్ళు వరస కట్టారు. కాని పత్రికలవాళ్ళు మాత్రం గర్భిణుల బట్టల ప్రకటన అచ్చువేయమన్నారు. అప్పట్లో కడుపుతో వున్న స్త్రీ వీధిలోకి రావడమే మర్యాద కాదు మరి. 1911లో న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక వొప్పుకుని ప్రకటన వేస్తే, మర్నాటికల్లా దుకాణంలో సరుకంతా అయిపోయిందట.

ఆవిడ అక్కడితో ఆగలేదు. పురుళ్ళయ్యాక పాత గౌనుల్లో పట్టని వాళ్ళ సంగతేమిటని రెండో భర్తతో కలిసి ఆలోచించింది. ఆయన ఇంజనీరు. ఇద్దరూ కలిసి సుమారు 4,500 మంది ఖాతాదార్ల కొలతలు తీశారు. భీమా కంపెనీ దగ్గరున్న 2 లక్షల మంది కొలతలూ చూశారు. దుకాణాల్లో దొరికే బట్టలు పట్టని స్త్రీలు ఎక్కడో వొకరిద్దరు కాదు, లక్షల్లో వున్నారని తేలింది. అప్పటిదాకా వాళ్ళలో ప్రతి మనిషీ తనొక్కతే అలా వున్నానని సిగ్గుపడుతూ ఇంట్లో కూర్చుంది కాబోలు.

మరి ఆ సైజు నెంబర్లెక్కడివి? 1939, 40 సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయశాఖ (అవును, వ్యవసాయశాఖే!) సుమారు 15 వేల మంది స్త్రీలని నిలబెట్టి మనిషికి 59 కొలతలు తీయించింది. తెల్లవాళ్ళు కాని స్త్రీల కొలతలు లెక్కలో కలపలేదు. ఆ లెక్కల ఆధారంగా 1958లో సైజుల ప్రమాణం వొకటి ప్రకటించి, 1983లో ఎత్తేశారు. ఇప్పుడు ఏ కంపెనీ నెంబరు ఆ కంపెనీదే. అంచేత, రెడీమేడ్ కుర్తా మీద చీటీ చూసి "అయ్యో, రెండు సైజులు పెరిగాను" అని దిగులుపడే అమ్మాయిలకి నేను చెప్పేదొకటే. ఆ నెంబరు ఎవరో, ఎవరినో కొలిచి పెట్టింది.

ఇక మన దర్జీ దగ్గరికి వద్దాం. ఆయనకి నెంబర్లతో పనిలేదు, ఆది జాకెట్టు ఇస్తే చాలు. అక్కడే వుంది కిటుకు. పురిటికి ముందు జాకెట్టు ఆదిగా ఇస్తే పురిటికి ముందు మనిషికే కుడతాడు. గర్భసంచి మామూలు పరిమాణానికి రావడానికే ఆరు వారాలు పడుతుంది. పాలిచ్చినంతకాలం ఛాతీ కొలత మారుతూనే వుంటుంది. కాబట్టి టేపు పెట్టి కొత్త కొలత ఇవ్వాలి, అదీ బిడ్డకి పాలిచ్చిన తర్వాత కాదు, ఇవ్వబోయే ముందు. "సన్నబడ్డాక కుట్టించుకుంటాలే" అని ఏడాది పొడుగునా వెలిసిన నైటీలో తిరగనక్కర్లేదు. అలా వాయిదా వేసిన పిల్లల మొహాలు నేను చూశాను. గుమ్మంలోకి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి తప్పుకుంటారు.

ఖర్చంటారా, చీరకొక జాకెట్టు వద్దు. నలుపొకటి, మెరూన్ వొకటి, గోధుమవన్నెదొకటి, మెత్తటి నూలుగుడ్డలో, ముందువైపు హుక్కులతో మూడు కుట్టించుకుంటే పాతిక చీరలు మళ్ళీ లేస్తాయి. గుడ్డ ముందే తడిపి ఆరేసి ఇవ్వాలి. పక్క కుట్ల లోపల అంగుళంన్నర గుడ్డ వదలమని నిలబడి చెప్పాలి. రేపు వొళ్ళు తగ్గితే వొక కుట్టు, మళ్ళీ కాన్పొస్తే వొక విప్పు. పాత జాకెట్లూ తిప్పి చూడండి. మంచి దర్జీ కుట్టినదైతే లోపల గుడ్డ దాగివుంటుంది. విప్పించే కూలి కొత్తదాని కూలిలో ఏపాటి?

చీరల్లో గంజి పెట్టి నిలబడేవి కొన్నాళ్ళు పక్కన పెట్టడం మంచిది, నడుం చుట్టూ ఉబ్బుతాయి. వొంటి మీద జారే మెత్తని వాయిల్, చిన్న అంచు, ముదురు రంగు మీద చిన్న పూలు అయితే మనిషి తీరుగా కనిపిస్తుంది. పాల మరకా కనపడదు. లంగాకి బొందు లావుగా ముడివేస్తే ఆ ముడే పొట్టలా కనిపిస్తుంది. వెడల్పు పట్టీ కుట్టించి, ముడి పక్కకి వేసుకుంటే సగం బాధ తీరుతుంది.

అన్నట్టు, కొత్త గుడ్డ కొనేముందు బీరువా కింద అర చూసుకోండి. పసుపూ కుంకుమలతో వచ్చిన జాకెట్టు ముక్కలుంటాయి. కుట్టేవారు లేక వొక ఇంటినుంచి ఇంకో ఇంటికి తిరిగే యాత్రికులవి. చిక్కేమిటంటే వాటిలో చాలామటుకు ఎనభై సెంటీమీటర్లే. బాలింతకి, అందులోనూ లోపల గుడ్డ వదలాలంటే, మీటరు కావాలి. నేనీమధ్య బారసాలలకి వెళ్ళేటప్పుడు మీటరు ముక్కే పట్టుకెళుతున్నాను.