మోటారు సైకిలు సస్పెన్షన్ నిర్వహణ

మోటారు సైకిలు సస్పెన్షన్ అనగా చక్రాలను వాహన చట్రంతో కలుపుతూ, అవి పైకి క్రిందికి కదలడానికి వీలు కల్పించే వ్యవస్థ. ముందువైపు ఫోర్కు, వెనుకవైపు స్వింగ్ ఆర్మ్, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఇందులోని ముఖ్య భాగాలు. షాక్ అబ్జార్బర్లను వాడుకలో షాకప్పులు అని కూడా అంటారు. ఈ భాగాలను నిర్ణీత వ్యవధిలో పరీక్షించుట, శుభ్రపరచుట, ఫోర్కులోని నూనె మార్చుట, అరిగిన సీళ్ళను, బుష్‌లను మార్చుట మొదలైన పనులన్నీ సస్పెన్షన్ నిర్వహణ క్రిందకు వస్తాయి.

సస్పెన్షన్ కేవలం కుదుపులను తగ్గించే సౌకర్యమని చాలామంది భావిస్తారు. కాని టైరును రోడ్డు నుండి విడిపోకుండా ఉంచడం దాని ప్రధానమైన పని. టైరు పంక్చరు అయితే వెంటనే తెలుస్తుంది. సస్పెన్షన్ మాత్రం నెలల తరబడి కొద్దికొద్దిగా అరుగుతుంది. రోజూ అదే బండిని నడిపే వ్యక్తి ఆ మార్పుకు తెలియకుండానే అలవాటు పడతాడు. అందువలన ఇబ్బంది కలిగే వరకు వేచి ఉండక, తిరిగిన దూరాన్ని, గడచిన కాలాన్ని బట్టి దీనిని పరీక్షించవలసి ఉంటుంది.

చరిత్ర

తొలినాటి మోటారు సైకిళ్ళలో చాలావాటికి వెనుక చక్రం చట్రానికి నేరుగా బిగించబడి ఉండేది. సీటు క్రింది స్ప్రింగులు మాత్రమే నడిపేవారికి కొంత ఊరటనిచ్చేవి. 1935లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ సంస్థ తన ఆర్12 మోటారు సైకిలులో నూనెతో పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్కును ప్రవేశపెట్టింది. నేడు భారతదేశపు రోడ్లపై కనిపించే అధిక శాతం మోటారు సైకిళ్ళ ముందు ఫోర్కు ఈ పద్ధతికి చెందినదే.

వెనుకవైపు స్వింగ్ ఆర్మ్, రెండు షాక్ అబ్జార్బర్ల పద్ధతిని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1949 నాటి బుల్లెట్‌లో ఉపయోగించింది. ఆ బుల్లెట్ల తయారీ 1955లో మద్రాసులో ప్రారంభమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా ద్వారా మన దేశానికి వచ్చింది. రెండు షాక్ అబ్జార్బర్లకు బదులు ఒకే ఒక దానిని వాడే పద్ధతిని మోనోషాక్ అంటారు. యమహా సంస్థ దీనిని మోటోక్రాస్ పందేలలో ఉపయోగించగా, 1973లో స్వీడన్ దేశస్థుడు హకన్ ఆండర్సన్ ఆ బండిపై 250 సిసి ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నాడు.

పనిచేయు విధానం

సస్పెన్షన్‌లో స్ప్రింగు, డ్యాంపరు అనే రెండు భాగాలు కలసి పనిచేస్తాయి. చక్రం గుంతలో పడినపుడు లేదా మిట్ట ఎక్కినపుడు స్ప్రింగు కుంచించుకొని ఆ దెబ్బను తనలో దాచుకొంటుంది. స్ప్రింగు ఒక్కటే ఉన్నచో, గుంత దాటిన తరువాత కూడా చక్రం బంతివలె ఎగిరెగిరి పడుతుంది. ఈ ఊగిసలాటను ఆపే భాగమే డ్యాంపరు.

డ్యాంపరులో చిన్న రంధ్రాల గుండా నూనె ప్రవహిస్తుంది. నీటితో నింపిన సిరంజిని మెల్లగా నొక్కినచో సులువుగా కదులుతుంది. వేగంగా నొక్కినచో గట్టిగా ఎదురు తంతుంది. డ్యాంపరు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. చక్రపు కదలికలోని శక్తి నూనె రాపిడి వలన వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. నూనె తగ్గినా, పలుచబడినా, అందులో మురికి చేరినా ఈ నిరోధం తగ్గుతుంది. అప్పుడు స్ప్రింగు బాగానే ఉన్నప్పటికీ చక్రం అదుపులో ఉండదు.

బ్రేకు వేసినపుడు బండి బరువు ముందు చక్రం వైపు మళ్ళుతుంది, ఫోర్కు క్రిందికి దిగుతుంది. ఫోర్కు సక్రమంగా ఉన్నచో ఈ బరువు నిలకడగా టైరుపై పడి, టైరు రోడ్డును గట్టిగా పట్టుకొంటుంది. అరిగిన ఫోర్కు ఒక్కసారిగా అడుగంటా దిగిపోతుంది. ఆ సమయంలో గుంత వచ్చినచో కదలడానికి ఫోర్కుకు చోటు మిగలదు, టైరు క్షణకాలం గాలిలోకి లేస్తుంది. గాలిలో ఉన్న టైరుకు ఎంత మంచి బ్రేకు ఉన్నా ప్రయోజనం ఉండదు. 2019 ఏప్రిల్ 1 నుండి భారతదేశంలో అమ్ముడయ్యే కొత్త బండ్లలో 125 సిసి మించిన వాటికి ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి ఏబీఎస్ లేదా రెండు బ్రేకులను అనుసంధానించే సీబీఎస్ తప్పనిసరి చేయబడింది. అయితే ఈ పరికరాలు కూడా టైరుకు రోడ్డుపై ఉన్న పట్టును మాత్రమే వినియోగించుకోగలవు, లేని పట్టును కల్పించలేవు.

ముఖ్య భాగాలు

* ఫోర్కు గొట్టాలు: పైన క్రోమియం పూత గల ఉక్కు గొట్టం, క్రింద అది జారే వెడల్పాటి గొట్టం ఉంటాయి. వీటి లోపల స్ప్రింగు, నూనె ఉంటాయి.
* ఆయిల్ సీలు, డస్టు సీలు: ఆయిల్ సీలు నూనెను బయటకు పోనివ్వదు. దానిపైనుండే డస్టు సీలు దుమ్మును, నీటిని లోపలికి రానివ్వదు.
* స్వింగ్ ఆర్మ్: వెనుక చక్రాన్ని పట్టి ఉంచే కదిలే చేయి. మెకానిక్కులు కొన్నిచోట్ల దీనిని చిమ్టా అంటారు. ఇది కదిలే కీలు వద్ద బుష్‌లు లేదా బేరింగులు ఉంటాయి.
* వెనుక షాక్ అబ్జార్బర్లు: చాలా బండ్లలో వీటి స్ప్రింగు బిగువును మెట్లు మెట్లుగా మార్చే వీలు ఉంటుంది. కొన్నింటిలో నూనెతో పాటు నైట్రోజన్ వాయువును కూడా నింపుతారు. వేడెక్కిన నూనె నురగ కట్టకుండా ఈ వాయువు అడ్డుకుంటుంది.

జహీరాబాదు ప్రాంతంలో

జహీరాబాదు పట్టణం తెలంగాణ రాష్ట్రం సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు సమీపంలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. హైదరాబాదును పూణేతో కలిపే జాతీయ రహదారి 65 (పూర్వపు 9వ నెంబరు రహదారి) ఈ పట్టణం మీదుగా పోతుంది. సస్పెన్షన్ పై పడే భారం రోడ్డును బట్టి, బరువును బట్టి ఎలా మారుతుందో తెలుసుకొనుటకు ఈ ప్రాంతం చక్కని ఉదాహరణ.

ఇక్కడి మోటారు సైకిలు ఒకే రోజులో రెండు రకాల రోడ్లపై తిరగవలసి వస్తుంది. జాతీయ రహదారిపై లారీలు, బస్సుల మధ్య వేగంగా పోవలసి ఉంటుంది. రహదారి దిగి గ్రామాల వైపు, చెరకు పొలాల వైపు మళ్ళినచో మట్టి బాటలు, ట్రాక్టరు చక్రాల గాళ్ళు ఎదురవుతాయి. రహదారిపై వేగం ఎక్కువ కాబట్టి చిన్న గుంత కూడా పెద్ద దెబ్బ అవుతుంది. మట్టి బాటపై వేగం తక్కువైనా దెబ్బల సంఖ్య ఎక్కువ.

ఈ ప్రాంతపు నేలలు కూడా సస్పెన్షన్‌పై ప్రభావం చూపుతాయి. బీదరు వైపు విస్తరించిన ఎర్రని జేగురు నేలల దుమ్ము వేసవిలో ఫోర్కు గొట్టాలపై పేరుకొంటుంది. గొట్టం క్రిందికి దిగిన ప్రతిసారీ ఆ గరుకు దుమ్ము సీలు అంచును ఉప్పుకాగితం వలె గీస్తుంది. వర్షాకాలంలో నల్లరేగడి బురద మడ్‌గార్డు లోపల, స్వింగ్ ఆర్మ్ కీలు వద్ద అతుక్కొని ఎండిపోతుంది. తడి నిలిచిన చోట క్రోమియం పూత క్రింద తుప్పు మొదలై చిన్న చిన్న గుంటలు ఏర్పడతాయి. ఇటువంటి గొట్టానికి కొత్త సీలు వేసినా అది త్వరలోనే కోసుకుపోతుంది.

మోటారు సైకిలు గ్రామాలలో సరుకుల బండిగా కూడా ఉపయోగపడుతుంది. ఎరువుల బస్తాలు, పాల క్యానులు, కూరగాయల మూటలు వెనుక సీటుపై కట్టినపుడు వెనుక స్ప్రింగు దాదాపు పూర్తిగా కుంచించుకొంటుంది. దాని వలన ముందు చక్రంపై బరువు తగ్గి హ్యాండిల్ తేలికవుతుంది. హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివారి కళ్ళలో పడుతుంది. రాత్రివేళ రహదారిపై ఇది ఇద్దరికీ ప్రమాదకరం.

లోపాలను గుర్తించుట

క్రింది పరీక్షలను ఎటువంటి పనిముట్లు లేకుండా ఇంటివద్దనే చేయవచ్చును.

* ముందు బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండిల్‌ను బలంగా క్రిందికి నొక్కి వదలవలెను. ఫోర్కు మెత్తగా దిగి, ఒకేసారి పైకి వచ్చి నిలబడవలెను. రెండు మూడు సార్లు ఊగినచో నూనె తగ్గినట్లు లేదా పాడైనట్లు భావించవచ్చు.
* ఫోర్కు గొట్టాన్ని శుభ్రమైన గుడ్డతో తుడిచి, కొద్ది దూరం నడిపి మరల చూడవలెను. నూనె వలయం కనిపించినచో సీలు పోయినట్లే. కారిన నూనె ముందు బ్రేకు డిస్కుపై, ప్యాడ్లపై పడినచో బ్రేకు పట్టదు. ఈ స్థితిలో బండిని నడపరాదు.
* బండిని మెయిన్ స్టాండుపై నిలిపి వెనుక చక్రాన్ని ప్రక్కలకు ఊపి చూడవలెను. స్వింగ్ ఆర్మ్ కీలు వద్ద టకటకమని కదలిక ఉన్నచో బుష్‌లు అరిగినవి.
* ముందు చక్రాన్ని నేలనుండి లేపి, ఫోర్కు అడుగుభాగాన్ని ముందుకు వెనుకకు కదపవలెను. కదలిక ఉన్నచో హ్యాండిల్ బేరింగులు వదులైనట్లు లేదా ఫోర్కు బుష్‌లు అరిగినట్లు అర్థం.
* టైరుపై ఉబ్బెత్తు, లోతు భాగాలు మార్చి మార్చి కనిపించినచో చక్రం రోడ్డుపై గెంతుతున్నదని అనుమానించవలెను.

నిర్వహణ కాలపట్టిక

తయారీదారు ఇచ్చే పుస్తకమే ఈ విషయంలో ప్రమాణం. సాధారణంగా ఫోర్కు నూనెను బండి రకాన్ని బట్టి 10,000 నుండి 30,000 కి.మీ. మధ్యలో లేదా రెండు సంవత్సరాలకొకసారి మార్చమని సూచిస్తారు. దుమ్ము బాటలపై, అధిక బరువుతో తిరిగే బండ్లకు ఈ వ్యవధిని తగ్గించుకొనుట మంచిది.

* వారానికి ఒకసారి: ఫోర్కు గొట్టాలను తడి గుడ్డతో, ఆపై పొడి గుడ్డతో తుడవవలెను. టైర్ల గాలి చూసుకోవలెను.
* నెలకు ఒకసారి: పైన తెలిపిన పరీక్షలు చేయవలెను.
* ప్రతి సర్వీసింగులో: స్వింగ్ ఆర్మ్ కీలు, హ్యాండిల్ బేరింగులు, షాక్ అబ్జార్బరు బోల్టులు పరీక్షింపజేయవలెను. గ్రీజు పెట్టే వీలున్న చోట గ్రీజు పెట్టించవలెను.
* వర్షాకాలం ముగిసిన తరువాత: డస్టు సీళ్ళ అడుగున చేరిన మట్టిని తీయించి, తుప్పు ఉన్నదేమో చూడవలెను.

నూనె మార్చునపుడు పుస్తకంలో తెలిపిన చిక్కదనం గల నూనెనే, తెలిపిన పరిమాణంలో, రెండు గొట్టాలలోను సమానంగా పోయవలెను. ఒక గొట్టంలో ఎక్కువ, మరొక దానిలో తక్కువ అయినచో రెండు వైపులా నిరోధం సమానంగా ఉండదు. వెనుక షాక్ అబ్జార్బర్లను ఎల్లప్పుడు జతగానే మార్చవలెను. స్ప్రింగు బిగువును బరువు కట్టే ముందు పెంచి, దించిన తరువాత తిరిగి తగ్గించవలెను. రెండు వైపులా ఒకే మెట్టులో ఉంచవలెను. బిగువు పెంచినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు.

జాగ్రత్తలు

బండిని డీజిలుతో కడిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. డీజిలు, కిరోసిన్ వంటివి రబ్బరు సీళ్ళను, బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తాయి. అధిక పీడనంతో వచ్చే నీటిని సీళ్ళపై, బేరింగులపై సూటిగా కొట్టరాదు. ఫోర్కు గొట్టాలకు గ్రీజు పూయరాదు. అది దుమ్మును పట్టి ఉంచి సీలును మరింత త్వరగా అరగదీస్తుంది.

ఫోర్కు పైమూత క్రింద స్ప్రింగు ఒత్తిడితో ఉంటుంది. చక్రంపై బరువు ఉండగా మూత విప్పినచో అది ఎగిరి ముఖానికి తగలవచ్చు. నైట్రోజన్ నింపిన షాక్ అబ్జార్బరును విప్పుట, వేడిచేయుట, రంధ్రం చేయుట ప్రాణాపాయకరం. ఇటువంటి పనులను అనుభవం గల మెకానిక్కులకే అప్పగించవలెను.

రోడ్డు భద్రతతో సంబంధం

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో సుమారు 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు. అతివేగం, హెల్మెట్ ధరించకపోవుట వంటి కారణాలు ఇందులో ప్రధానమైనవి. సస్పెన్షన్ లోపం ప్రమాదానికి ఏకైక కారణంగా కనిపించకపోవచ్చును. అయితే ఎదురుగా పశువు అడ్డువచ్చినపుడో, చీకటిలో గుంత కనిపించినపుడో బండి ఎంత దూరంలో ఆగుతుంది, ఏ వైపు ఒరుగుతుంది అనేవి సస్పెన్షన్ స్థితిపై కూడా ఆధారపడి ఉంటాయి. ఒక సీలు, కొద్దిపాటి నూనె మార్చుటకయ్యే ఖర్చు, అరిగిపోయిన ఫోర్కు గొట్టాలు మార్చుటకయ్యే ఖర్చు కంటే చాలా తక్కువ.

ఇవి కూడా చూడండి

* మోటారు సైకిలు
* బ్రేకు
* స్ప్రింగు
* జహీరాబాదు