తటాకమునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు

చెఱువు త్రవ్వించుట, తోట నాటించుట, దేవాలయము కట్టించుట సప్తసంతానములలోనివని ఆస్తికలోకము ఎఱుగును. వాని వలన పుణ్యమెంత యని మమ్ము అడుగువారు పెక్కుమంది. చెఱువు ఎచ్చట త్రవ్వవలెను, ఎచ్చట త్రవ్వరాదు అని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నకు సమాధానము ఒక శిలాశాసనమున గలదు.

కడప జిల్లా పోరుమామిళ్ళలో శాలివాహన శకము 1291, అనగా క్రీ.శ. 1369లో వేయించిన సంస్కృత శాసనమది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, ఉదయగిరి నుండి పాలించుచు అచ్చట అనంతరాజసాగరమను చెఱువు కట్టించెను. దినమునకు వేయిమంది పనివారు, రాళ్ళు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల శ్రమ. దాతను కీర్తించుట శాసనములకు సహజమే. ఈ శాసనము అంతటితో ఆగక, తటాకమునకు ఉండవలసిన అంగములు పండ్రెండని, కూడని దోషములు ఆరని లెక్కించినది.

ధర్మపరుడైన ప్రభువు మొదటి అంగము, జలశాస్త్రవేత్తయగు విప్రుడు రెండవది. విప్రునికి రెండవ స్థానమిచ్చిరి గదా యని మేము పొంగిపోవుట లేదు. కడపట చెప్పిన నేర్పరులగు పనివాండ్ర సమూహము లేనిచో ఆ శాస్త్రము తాళపత్రములలోనే యుండిపోవును. గట్టి బంకనేల, తియ్యని నీటి యేఱు, నిడుపైన తిన్నని రాళ్ళు దొరకు గని, సమతలమైన పొలములు మఱికొన్ని అంగములు. వీనిలో మాకు మిక్కిలి నచ్చినది కట్టను గూర్చిన మాట. కొండల నడుమ ఱాతికట్ట మిక్కిలి పొడవు గాక, దృఢముగా నుండవలెనట. కొండలు చేయు పనిని కొండలకే విడిచి, నడిమి సందును మాత్రమే మనుష్యుడు మూయవలెనని దీని భావము. పొట్టికట్టకు వ్యయము తక్కువ, గండిపడు భయమును తక్కువ.

ఇక దోషములు. కట్ట నుండి నీరూరుట, చవుడు నేల, నడుమ తాబేటి వీపువలె మెట్ట యుండుట ఎవరికైనను తోచునవే. రెండు రాజ్యముల పొలిమేరన ఉండుట కూడ దోషమే యనిరి. అది మంటిదోషము కాదు, మనుష్యుల దోషము. నీటి తగవు ముందే ఊహించిరన్నమాట. నీరు స్వల్పమై సాగునేల అధికమగుట ఐదవది. నీరు అధికమై చోటు స్వల్పమగుట ఆరవది.

ఈ ఆరవ దానిని నేడు మనమే కల్పించుకొనుచున్నాము. చెఱువుగట్లపై నడకదారులు, పూలమొక్కలు, దీపములు అమర్చి ఉద్యానములు చేయుచున్నారు. వృద్ధులు కూర్చుండుటకు, బాలురు ఆడుకొనుటకు అది మంచిదే. కాని నీరు వచ్చు వాగును, పోవు అలుగును పూడ్చి, శిఖమున ఇండ్లు కట్టిన పిమ్మట గట్టు నలంకరించి ఏమి ఫలము? 2020 అక్టోబరు వానలకు హైదరాబాదున చెఱువులు తెగి వీధులు ఏఱులైనవి.

తటాకప్రతిష్ఠ చేయించు వైదికులకు తెలిసిన విషయమొకటి గలదు. ప్రతిష్ఠాంతమున యజమాని ఆ జలమును సర్వప్రాణులకు ఉత్సర్గము చేయును. ఆ పిమ్మట అది వాని సొత్తు కాదు. పదిమందిలో ఒకడుగా వాడును నీరు త్రాగవచ్చును, అంతే. త్రవ్వించిన వానికే చెల్లని హక్కు, పూడ్చి అమ్ముకొనువానికి ఎట్లు చెల్లునో మాకు తెలియదు.