మన కాంట్రాక్టర్ లెక్కలు మనకెందుకు కనపడవు?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది చదువుకోవడానికి వీలుగా కొంచెం సర్ది రాశాను.

తువాస్ డార్మిటరీలో జీతం వారం లేటయితే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "కంపెనీ దగ్గర డబ్బులున్నాయా, లేవా?" షేర్ మార్కెట్‌లో ఉన్న పెద్ద షిప్‌యార్డు లాభనష్టాలు ఎవరైనా చదవొచ్చు. అదే యార్డులో మనల్ని పనికి పెట్టిన సబ్‌కాంట్రాక్టరు లెక్కలు మాత్రం చాలాసార్లు దొరకవు. ఆయన దొంగతనంగా దాచాడని కాదు, చట్టమే అలా ఉంది.

దీని మూలం బ్రిటన్‌లో ఉంది. అక్కడ 1855లో లిమిటెడ్ కంపెనీల చట్టం వచ్చింది. కంపెనీ మునిగినా వాటాదారు సొంత ఇల్లు, పొలం జోలికి ఎవరూ రాలేరు. 1907లో పబ్లిక్ కంపెనీలు బ్యాలెన్స్ షీట్ దాఖలు చేయాలన్నారు, ప్రైవేటు వాటిని వదిలేశారు. 1948లో ఆ వెసులుబాటును కుదించి 'ఎగ్జెంప్ట్ ప్రైవేట్ కంపెనీ' అని పేరు పెట్టారు. 1967లో అదీ ఎత్తేశారు. విచిత్రం చూడండి, అదే 1967లో సింగపూర్ తన కంపెనీల చట్టం చేసుకుంటూ దాన్ని ఉంచుకుంది! ఇప్పటికీ ఉంది. వాటాదారులు 20 మందికి మించకూడదు, వాళ్లలో ఇంకో కంపెనీ ఉండకూడదు. అప్పులు తీర్చగలమని ప్రకటిస్తే చాలు, లెక్కలు దాఖలు చేయక్కర్లేదు. నన్నడిగితే దీనివల్ల ఎక్కువ నష్టం జీతగాడికే. బ్యాంకువాళ్లు అప్పిచ్చే ముందు లెక్కలు అడిగి తీసుకుంటారు, మనం అడగగలమా?

అయినా కొంత తెలుసుకోవచ్చు. ప్రభుత్వ సంస్థ అక్రా నడిపే బిజ్‌ఫైల్ సైట్‌లో, మీ ఐపీఏ లెటర్‌లో ఉన్న కంపెనీ పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. కంపెనీ నడుస్తోందా, మూతపడిందా, లిక్విడేషన్‌లో ఉందా అన్నది ఫ్రీగానే కనిపిస్తుంది. 5.50 డాలర్లు కడితే బిజినెస్ ప్రొఫైల్ వస్తుంది. అందులో డైరెక్టర్లు, వాటాదారులు, పెట్టుబడి, ఆస్తుల మీద తాకట్లు ఉంటాయి. పెట్టుబడి ఒక్క డాలరున్నా చట్టం ఒప్పుకుంటుంది. లక్ష అని ఉన్నా మురిసిపోకండి, అది ఎప్పుడో పెట్టిన డబ్బు, ఇవాళ ఖాతాలో ఉందని కాదు.

లిక్విడేషన్ అని కనపడేదాకా మాత్రం ఆగొద్దు. జీతం గడువు నెల ముగిశాక 7 రోజులు. రాకపోతే టీఏడీఎంకి వెళ్లండి. ఉద్యోగంలో ఉంటే ఏడాదిలోపు, మానేస్తే 6 నెలల్లోపు. పే స్లిప్పులు, టైమ్ కార్డులు ఇవాళే ఫొటో తీసి పెట్టుకోండి.