వేడెక్కినా వదలని నొప్పి

2008 ఆగస్టు 18. బీజింగ్‌లోని ‘పక్షిగూడు’ స్టేడియం పొద్దున్నే కిక్కిరిసింది. ఒలింపిక్స్‌లోనైనా 110 మీటర్ల హర్డిల్స్ తొలి రౌండుకు అంత జనం రారు. వాళ్లంతా వచ్చింది లియు షియాంగ్ కోసం.

ఏథెన్స్‌లో 2004లో 12.91 సెకన్లలో పరిగెత్తి, అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసి స్వర్ణం గెలిచినవాడు. ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో చైనా పురుషులకు అదే మొదటి బంగారం. 2006లో లొసాన్‌లో 12.88తో రికార్డు తన ఒక్కడి పేరునే రాయించుకున్నాడు. మరుసటి ఏడు ఒసాకాలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఆ రోజు సంగతి వార్మప్‌లోనే బయటపడింది. ట్రాక్ మీదికి రాకముందు లోపల గోడను కాలితో తన్నుతూ, బాధతో ముఖం చిట్లించుకుంటూ కెమెరాలకు చిక్కాడు. బయటికొచ్చి ఒకటి రెండు హర్డిల్స్ దూకి చూసుకున్నాడు. దిగీదిగగానే కుంటాడు, వంగి కాలు పట్టుకున్నాడు.

కుడి మడమ పైన, పిక్కను ఎముకతో కలిపే అకిలిస్ స్నాయువు ఏళ్లుగా సతాయిస్తోంది. మెల్లగా పరిగెత్తి, కాళ్లు ఊపి, హర్డిల్స్ మీంచి నాలుగుసార్లు దాటితే కండరాల్లోకి రక్తం పారుతుంది, కీళ్లు వదులవుతాయి. అకిలిస్‌కు మాత్రం రక్తనాళాలే తక్కువ. పైగా దాని జబ్బు మహా మాయదారిది. మొదట్లో ఒళ్లు వేడెక్కగానే నొప్పి సర్దుకుంటుంది, ‘ఏం కాలేదులే’ అనిపిస్తుంది. ముదిరాక ఎంత వార్మప్ చేసినా లొంగదు. కోట్లమంది కళ్లు తన మీదే ఉన్న పూట అది లొంగకుండా పోయింది.

గన్ పేలింది. ఎవరో ముందే కదిలారని పరుగు ఆపేశారు. ఆ నాలుగు అడుగులకే కాలు తేల్చేసింది. తొడకు అంటించిన నంబరు పీకేసి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత విలేకరుల ముందు కోచ్ సున్ హైపింగ్ వెక్కివెక్కి ఏడ్చాడు. మూడు రోజులకు క్యూబా కుర్రాడు డేరాన్ రోబుల్స్ స్వర్ణం గెలిచాడు, 12.93 సెకన్లలో. ఏథెన్స్ పరుగు కన్నా అది నెమ్మదే!

నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నవాళ్లలోనే కొందరు పిరికివాడన్నారు, నాటకమన్నారు. ఆ ఏడాది చివర్లో హ్యూస్టన్‌లో ఆపరేషన్ జరిగిందన్నది వాళ్లకు పట్టలేదు.

2012, లండన్. మొదటి హర్డిల్‌కే కాలు తగిలి కూలబడ్డాడు. ఈసారి అకిలిస్ తెగిపోయింది. ఒంటికాలి మీద గెంతుతూ ట్రాక్ పక్కనుంచి వచ్చి, తన లేన్‌లోని చివరి హర్డిల్‌ను ముద్దుపెట్టుకున్నాడు. హంగరీ ఆటగాడు బాలాజ్ బాజి అతని చెయ్యి పైకెత్తాడు. తోటి ఆటగాళ్లకు అది నాటకంగా కనిపించలేదు మరి.

మళ్లీ పెద్ద పోటీల్లో దిగలేదు. 2015 ఏప్రిల్‌లో, 31 ఏళ్లకే, ఇక చాలన్నాడు. మే నెలలో సొంత ఊరు షాంఘైలో డైమండ్ లీగ్ పోటీల నడుమ వీడ్కోలు పలికారు.