నేలలోని నాణెములు

విశాఖపట్టణపు రేవునకు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండను డాల్ఫిన్ నోస్ అందురు. దాని కావలివైపున యారాడ గ్రామము కలదు. పంతొమ్మిదవ శతాబ్ద్యారంభమున ఆంగ్ల సేనాధికారి బ్లాక్‌మూర్ ఆ కొండమీద నివసించెననియు, అందుచే దానికి అతని పేరు కలిగెననియు చెప్పుదురు. ఇట్టి పాత నివాసముల మొండిగోడలను చూచినంతనే లంకెబిందెలు తలపునకు వచ్చుట మన దేశమున పూర్వాచారము. నాడు అంజనము వేసి వెదకిరి. నేడు లోహశోధక యంత్రముతో వెదకుచున్నారు. మన సంఘీయులలో పూర్వికుల లోగిళ్లు గలవా రనేకు లుండుటచే ఈ విషయమును సమ్మేళన సందర్భమున విన్నవించుచున్నారము.

యంత్రము నూతన మంత్రమేమియు కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకి దెబ్బ తినగా, గ్రాహంబెల్ పండితుడు ఇట్టి సాధనముతోనే శరీరములోని గుండును వెదకి కృతార్థుడు కాలేదు. యంత్రము లోహమున్నదని మాత్రమే చెప్పును. అది యే కాలమునాటిదో, అచటి కెట్లు చేరెనో చెప్పజాలదు. దానిని చెప్పునది చుట్టునున్న మట్టి.

ఇందులకు మన మండలమే దృష్టాంతము. అనకాపల్లి చెంత శంకరము కొండలయందు 1907 ప్రాంతమున అలెగ్జాండరు రీ దొర త్రవ్వకములు జరిపించెను. అచట సముద్రగుప్తుని బంగారు నాణె మొకటియు, వేంగీ చాళుక్యుడు విషమసిద్ధి విష్ణువర్ధనుని రాగి నాణెములును, గుఱ్ఱపు బొమ్మగల శాతవాహనుల సీసపు నాణెమును దొరకినవి. ప్రయాగ స్తంభ ప్రశస్తిలో సముద్రగుప్తుడు జయించిన దేవరాష్ట్రాధిపతి కుబేరుని పేరు కలదు. దేవరాష్ట్రము యలమంచిలి ప్రాంతమని చరిత్రకారులు పలువు రందురు. ఒక్క నాణెముచే దండయాత్ర నిరూపింపబడదు. యాత్రికుడో వర్తకుడో దానిని తెచ్చియుండవచ్చును. అయినను బౌద్ధ విహారభూమిలో మూడు రాజవంశముల నాణెములు దొరకుటచే, ఆ కొండ శతాబ్దముల తరబడి జనసంచారము గలదై యుండెనని తెలియుచున్నది.

భీమునిపట్టణము త్రోవలోని తొట్లకొండయందు 1988 మొదలు జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల సీసపు నాణెములు తొమ్మిదియు, రోమకుల వెండి నాణెములు అయిదును లభించినవి. సముద్రతీరపు భిక్షువుల విహారమునకును విదేశ వాణిజ్యమునకును గల సంబంధమునకు అవి సాక్షులు. ఆ వెండి నాణెములే రాత్రివేళ త్రవ్వబడి కంసాలి మూసలో పడియున్నచో, మిగులునది తులముల లెక్క మాత్రమే. సాక్షిని చంపి సాక్ష్యమును వెదకిన నేమి ఫలము?

శాసనమును తెలిసికొనుటయు నవసరము. 1878 నాటి నిక్షేప చట్టము ననుసరించి, భూమిలో దాగియుండి దొరకిన సొత్తు పది రూపాయల విలువకు మించినచో, కనుగొన్నవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. విచారణలో హక్కుదారు లెవరును లేరని తేలిన నిక్షేపమునందు కనుగొన్నవానికిని స్థలస్వామికిని భాగములు కలవు. తగిన వెల యిచ్చి సర్కారు దానిని గ్రహింపవచ్చును. దాచినవాడు భాగమును కోల్పోవుటయే గాక శిక్షార్హుడును అగును. రక్షిత స్థలములలో అనుమతి లేక త్రవ్వుట 1958 నాటి చట్టముచే నిషిద్ధము.

కావున సంఘీయులకు మా విన్నపము: పాత యిల్లు విప్పునపుడు నాణెమో, రాగిరేకో కనబడినచో చింతపండుతో తోమకుడు, అక్షరము లరిగిపోవును. దొరకిన తావును, లోతును, ప్రక్కనున్న వస్తువులను వ్రాసి, తిథివారములు గుర్తించి అధికారులకు తెలుపుడు. ధనవంతులగు పోషకులు తమ గ్రామముల పాత వస్తువులు పురావస్తుశాలలకు చేరునట్లు తోడ్పడుదురు గాక. పూర్వికులు నేలలో విడిచినది ధన మొక్కటియే కాదు. తమ వృత్తాంతమును గూడ విడిచిరి. ధనము నొకడే అనుభవించును. వృత్తాంతము వంశమున కంతటికిని దక్కును.